ఎమర్జెన్సీ వస్తే ఎలక్షన్లు ఆపేయొచ్చా?

ప్రశ్న: సార్, వరదో మహమ్మారో యుద్ధమో వస్తే ప్రభుత్వం తన ఇష్టానికి ఎలక్షన్ వాయిదా వేసేయొచ్చా?

జవాబు: అలా కుదరదండి, ముందు ఆ అధికారం చట్టం ఎవరి చేతిలో పెట్టిందో చూడాలి, పైగా పోలింగ్ తేదీ జరపడం వేరు, పదవీకాలం పొడిగించడం వేరు, చాలామంది రెండూ కలిపేస్తారు. 2020లో కోవిడ్ వల్ల న్యూజిలాండ్ పోలింగ్‌ని సెప్టెంబర్ 19 నుంచి అక్టోబర్ 17కి జరిపింది, అంతే, నాలుగు వారాలు. పొడిగింపు చాలా పెద్ద విషయం, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ పార్లమెంటు ఏటా కొత్తగా చట్టం చేసుకుంటూ 1935లో ఎన్నికైన సభనే 1945 దాకా నడిపింది, అలా ఏడాదికోసారి మళ్ళీ అడగాల్సి రావడమే అసలు రక్షణ అని నా నమ్మకం. కొత్త తేదీ చెప్పకుండా వాయిదా వేస్తే మాత్రం ఊరుకోకండి, కోర్టులో అడగాల్సిందే.