డేకేర్ ఫీజును మీ ఒక్కరి జీతంలోంచే తీసివేయకండి

ప్రశ్న: మేము కెనడాలోని బ్రాంప్టన్‌లో ఉంటాం. పాపకు రెండేళ్లు. ప్రభుత్వ రాయితీ ఉన్న డేకేర్‌లో రోజుకు 22 డాలర్లకు సీటు వచ్చింది. నేను మళ్లీ ఉద్యోగంలో చేరితే నెలకు 2,900 డాలర్లు చేతికి వస్తాయి. అత్తగారు సూపర్ వీసాపై వచ్చి ఆరు నెలలు ఉంటారు కనుక సీటు వదులుకోమని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: సీటు వదులుకోవద్దు. నెలకు 21 రోజుల లెక్కన ఫీజు 462 డాలర్లు అవుతుంది. అది ఇద్దరి బిడ్డకు అయ్యే ఖర్చు కాబట్టి తల్లి జీతానికి మాత్రమే ముడిపెట్టడం సరికాదు. అలా ముడిపెట్టినా మీకు 2,438 డాలర్లు మిగులుతాయి. పైగా ఏడేళ్లలోపు బిడ్డకు ఏటా 8,000 డాలర్ల వరకు సంరక్షణ ఖర్చును, సాధారణంగా దంపతుల్లో తక్కువ ఆదాయం ఉన్నవారు, పన్ను లెక్కలో మినహాయించుకోవచ్చు. మీ ఏడాది ఫీజు మొత్తం ఆ పరిమితిలోనే ఉంటుంది. అయితే కుటుంబ ఆదాయం పెరిగితే కెనడా చైల్డ్ బెనిఫిట్ (పిల్లల పెంపకానికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) తగ్గుతుంది. ఒక్క బిడ్డ ఉండి, నికర ఆదాయం సుమారు 80 వేల డాలర్లు దాటితే, ఆపై ప్రతి డాలరుకు 3.2 సెంట్ల చొప్పున కోత పడుతుంది. ఉద్యోగం మానుకోవడానికి అది కారణం కాదు.

ఫీజు తగ్గితే తల్లులు నిజంగా ఉద్యోగాల్లోకి వెళతారా అన్నదానికి కెనడాలోనే మరో రాష్ట్రమైన క్యూబెక్ అనుభవం ఉంది. అక్కడ 1997లో రోజుకు 5 డాలర్ల డేకేర్ పథకం మొదలైంది. దానిని పరిశీలించి ఆర్థికవేత్తలు బేకర్, గ్రూబర్, మిలిగన్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో, చిన్నపిల్లలున్న వివాహిత స్త్రీల ఉద్యోగిత 7.7 శాతం పాయింట్లు పెరిగిందని తేలింది. అదే అధ్యయనం పిల్లల్లో ఆందోళన, దూకుడు పెరిగాయని కూడా చెప్పింది. అందుకే చవకగా దొరికిందని చేర్చేయకుండా, ఒక్కో టీచరు ఎంతమంది పిల్లలను చూస్తున్నారో, సిబ్బంది తరచూ మారుతున్నారో స్వయంగా చూడండి.

ఇంట్లో ఉండిపోతే పెన్షన్ తగ్గిపోతుందని చాలామంది భయపడతారు గానీ, ఏడేళ్లలోపు పిల్లలను పెంచిన కాలంలో ఆదాయం లేని నెలలను సీపీపీ (కెనడా ప్రభుత్వ పెన్షన్ పథకం) లెక్కలోంచి తప్పించే వెసులుబాటు ఉంది. అసలు నష్టం జీతం పెరుగుదల ఆగిపోవడంలోనూ, సంపాదనలో 18 శాతంగా లెక్కించే ఆర్‌ఆర్‌ఎస్‌పీ (పన్ను రాయితీ ఉన్న రిటైర్మెంట్ పొదుపు ఖాతా)లో జమ చేసుకునే పరిమితి ఏర్పడకపోవడంలోనూ ఉంటుంది.

అత్తగారు తిరిగి వెళ్లాక ఇదే ధరకు మళ్లీ సీటు దొరుకుతుందన్న భరోసా లేదు, వెయిటింగ్ లిస్టులు పెద్దవి. ఆవిడ ఉన్నన్నాళ్లు సాయంత్రం పాపను త్వరగా ఇంటికి తెచ్చుకోండి, పాపకు జ్వరం వచ్చిన రోజుల్లో ఆవిడ చూసుకుంటే మీరు సెలవు పెట్టకుండా గడుస్తుంది. ఫీజు రసీదులు మాత్రం పన్ను దాఖలు కోసం భద్రపరచుకోండి.