గడ్డ సంగతి తర్వాత, ముందు ఆ నడుం నొప్పి చూపించండి

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. ఈజీఎఫ్‌ఆర్ పాజిటివ్ (అంటే ఆ పేరున్న జన్యువులో మార్పు ఉన్న) ఊపిరితిత్తుల క్యాన్సర్. ఏడాదిన్నరగా ఆ మార్పుకు గురిపెట్టే టార్గెటెడ్ మందు గెఫిటినిబ్ వాడుతున్నారు. ఈ మధ్య స్కాన్‌లో గడ్డ కాస్త పెరిగిందన్నారు. టార్గెటెడ్ మందులకు క్యాన్సర్ ఎందుకు లొంగకుండా పోతుందన్న అంశం మీదే పోస్ట్‌డాక్టొరల్ ఫెలోషిప్ వచ్చి నేను వచ్చే నెల విదేశం వెళుతున్నాను. నాన్నగారి శాంపిల్ అక్కడి ల్యాబ్‌లో పరీక్షించి మందు మార్చుకోవచ్చా? గెఫిటినిబ్‌తో అదే కోవకు చెందిన ఒసిమెర్టినిబ్ అనే మందు కలిపి ఇవ్వొచ్చా? మూడు వారాలుగా నడుం నొప్పి, కాళ్ల తిమ్మిర్లు అంటుంటే నొప్పి బిళ్ల, గ్యాస్ బిళ్ల ఇస్తున్నాం.
- ఓ పాఠకుడు, గుంటూరు

డాక్టర్ సలహా: మీరు చివర్లో ఒక్క ముక్కలో తేల్చేసిన సంగతే నాకు కంగారుగా ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న మనిషికి కొత్తగా నడుం నొప్పి, దానికి తోడు కాళ్లలో తిమ్మిరి అంటే వయసు వల్లనో, పరుపు వల్లనో అనుకుని ఊరుకోకూడదు. క్యాన్సర్ వెన్నెముకకు పాకి వెన్నుపామును నొక్కుతోందేమో ముందు తేలాలి. అదేనని నేను చూడకుండా చెప్పలేను, డిస్క్ సమస్య కూడా కావచ్చు. కానీ కాదని తేలేదాకా అదే అనుకుని కదలాలి.

ఇవాళే మీ ఆంకాలజిస్టుకు ఫోన్ చేయండి. ఆయన దొరక్కపోతే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. గుంటూరు జీజీహెచ్‌లో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, దూరం సాకు కాదు. సాధారణంగా వెన్నెముక మొత్తానికీ ఎంఆర్ఐ తీస్తారు. నడుం ఒక్కటే తీయించి వచ్చేయకండి. నొక్కుడు ఉందని తేలితే స్టెరాయిడ్, రేడియేషన్, కొందరికి ఆపరేషన్ అవసరమవుతాయి. నడవగలిగే స్థితిలో వైద్యం మొదలైతే నడక నిలిచే అవకాశం ఎక్కువ. కాళ్లు పడిపోయాక వస్తే మా చేతుల్లో పెద్దగా ఏమీ ఉండదు. అడుగు తడబడినా, మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా మలం పోతున్నా అర్ధరాత్రయినా సరే బయల్దేరండి. ఈలోగా తైలం మర్దనలు, నడుం విరిపించడాలు వద్దే వద్దు.

ఇక ఆ బిళ్లలు. మూడు వారాలు మెడికల్ షాపు మందులతో నెట్టుకొచ్చారు. ఇంత చదువుకున్న మీకు ఇది చెప్పాల్సి రావడం నాకే ఇబ్బందిగా ఉంది. నొప్పి బిళ్లలు జబ్బును కప్పిపెడతాయి, ఎక్కువ రోజులు వాడితే కిడ్నీలకు, కడుపుకు చేటు. గ్యాస్ బిళ్ల కథ వేరు. గెఫిటినిబ్ సరిగా కరగాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. ఆ ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ లాంటివి రోజూ వేస్తే క్యాన్సర్ మందు ఒంటికి సరిగా పట్టదు. స్కాన్‌కు ముందు నుంచీ వేస్తున్నారా? అయితే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి, మందుకు గడ్డ లొంగలేదా, మందే రక్తంలోకి చాలినంత వెళ్లలేదా అన్న అనుమానం వస్తుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ అయితే రక్తంలో గెఫిటినిబ్‌ను మరీ బాగా తగ్గించేస్తుంది. దగ్గు చూసి ఎవరైనా టీబీ కోర్సు రాస్తే, క్యాన్సర్ మందు వాడుతున్నారని అక్కడే చెప్పండి. ఇంకేం మందులు వాడుతున్నారని అడిగితే ఏమీ లేవంటారు చాలామంది. గ్యాస్ బిళ్ల కూడా మందేనా అని నన్నే ఎదురు ప్రశ్నిస్తారు!

మీరు అడిగిన దానికి వస్తాను. గెఫిటినిబ్ పనిచేయడం మానేసినవారిలో దాదాపు సగం మందికి అదే ఈజీఎఫ్‌ఆర్ జన్యువులో టీ790ఎం అనే మరో మార్పు కనిపిస్తుంది, ఇది మీకు తెలిసిందే. 2015లో అమెరికాలో ఒసిమెర్టినిబ్‌కు మొదట అనుమతి వచ్చింది ఆ మార్పు ఉన్నవారి కోసమే. కానీ కొందరిలో మెట్ అనే మరో జన్యువు కాపీలు పెరుగుతాయి. కొద్దిమందిలో క్యాన్సరే స్మాల్ సెల్ అనే వేరే రకానికి మారిపోతుంది, అప్పుడు కీమో కావాలి. అందుకే ఊహతో మందు మార్చడం, రెండూ కలిపి వేయడం కుదరదు. ముందు రక్తంలో క్యాన్సర్ డీఎన్ఏ కోసం వెతికే లిక్విడ్ బయాప్సీ చేస్తారు. అందులో ఏమీ దొరకలేదంటే మార్పు లేదని కాదు, వీలైతే గడ్డ నుంచి ముక్క తీసి చూడాలి. గెఫిటినిబ్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, కొందరిలో ఆపగానే గడ్డ జోరందుకుంటుంది.

శాంపిల్ సూట్‌కేసులో పెట్టుకెళ్లే వస్తువు కాదు. అనుమతులు, ఎథిక్స్ కమిటీ, సమ్మతి పత్రం అన్నీ ఉంటాయి. పైగా రీసెర్చ్ ల్యాబ్ ఫలితం చూసి చికిత్స నిర్ణయించరు. ఇక్కడే గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో చేయించండి.

ఫెలోషిప్‌లో చేరే తేదీ కొన్నాళ్లు జరపమని అడిగి చూడండి. ఎంఆర్ఐ రిపోర్టు కావాలంటే నాకూ పంపండి, కానీ ముందు నాన్నగారిని చూస్తున్న డాక్టరు చేతిలో పెట్టండి. నేను ఆయన్ని పరీక్షించలేదు. ఆ డాక్టరు చెప్పినదానికీ, నేను రాసినదానికీ తేడా వస్తే ఆయన మాటే వినండి.