క్రెడిట్ వచ్చేది చెత్త గుట్టకి కాదు, కాల్చిన మీథేన్‌కి

ప్రశ్న: మాది నెల్లూరు రూరల్. మా ఊరి పక్కన డంపింగ్ యార్డులో బోర్లు దించి గ్యాస్ తీసి కాలుస్తామని, దానికి కార్బన్ క్రెడిట్లు వస్తాయని, ఊరికీ వాటా ఇస్తామని ఒకరు తిరుగుతున్నారు. ఇన్ని లక్షల టన్నుల చెత్తకి ఇన్ని క్రెడిట్లు అని కాగితం కూడా చూపించారు. నమ్మొచ్చా అండీ?

జవాబు: గ్యాస్ మాట నిజమే. తడి చెత్త గాలి తగలకుండా గుట్ట అడుగున కుళ్లితే వచ్చే గ్యాస్‌లో దాదాపు సగం మీథేన్. వందేళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే అది 28 రెట్లు ఎక్కువగా వేడి పెంచుతుంది, అందుకే దాన్ని కాల్చేస్తే క్రెడిట్ ఇస్తారు. ఆ కాగితం మాత్రం ఉత్త అంచనా. ఎంత గ్యాస్ రావచ్చో ముందుగా చూసుకోడానికి వేసే లెక్క అది, దాన్ని చూసి ఎవరూ క్రెడిట్ ఇవ్వరు. పైపులోంచి వచ్చి మంటలో కాలిందని మీటర్లు చూపించిన మీథేన్‌కే ఇస్తారు.

మన పాల కేంద్రంలో లీటర్లు ఒక్కటే చూసి డబ్బులివ్వరు కదా, వెన్న శాతం కూడా చూస్తారు. ఇక్కడా అంతే, ఫ్లో మీటరు ఎంత గ్యాస్ పోయిందో చెబితే ఎనలైజర్ అందులో మీథేన్ ఎంత శాతమో చెబుతుంది. గ్యాస్ వేడి, ఒత్తిడి కూడా నమోదు చేయాలి. రోహిణి కార్తెలో పైపులో గ్యాస్ 45 డిగ్రీలుందనుకోండి, మీటరు మీద పడ్డ 100 ఘనపు మీటర్లు సున్నా డిగ్రీల లెక్కకి తెస్తే 86 దగ్గర ఆగుతాయి. ఈ సవరణ ఎగ్గొడితే లేని గ్యాస్‌ని అమ్మినట్టే.

ఇక మంట. అసలు తేడా అంతా ఇక్కడే వస్తుంది. సవరించిన లెక్కలో గంటకి 100 ఘనపు మీటర్లు, అందులో సగం మీథేన్, రోజంతా ఆగకుండా వచ్చిందంటే దాదాపు 860 కిలోల మీథేన్, 28తో గుణిస్తే 24 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి సమానం, టన్నుకి ఒక క్రెడిట్. ఐక్యరాజ్యసమితి కార్బన్ క్రెడిట్ల పథకమైన సీడీఎం పద్ధతిలో, పైకి తెరిచి ఉండే ఫ్లేర్ (గ్యాస్‌ని కాల్చే పరికరం) అయితే సగమే కాలినట్టు లెక్కేస్తారు, అంటే 12 టన్నులు. చుట్టూ మూసిన ఫ్లేర్ సరిగ్గా నడుస్తుంటే 90 శాతం ఒప్పుకుంటారు, 21 పైచిలుకు. మంట ఆరిన నిమిషాలకి సున్నా. పైగా గుట్ట పైమట్టిలో ఎలాగూ నశించిపోయే మీథేన్ కింద 10 శాతం, గ్యాస్‌ని లాగే బ్లోయర్ల కరెంటు కింద ఇంకొంత కోసేస్తారు. కాబట్టి ఎన్ని టన్నుల చెత్త ఉందని అడక్కండి, ఏ రకం ఫ్లేర్ పెడతారు, మంట ఆరితే ఎలా తెలుస్తుంది, ఆ రికార్డు ఊరికి చూపిస్తారా అని అడగండి. వాటా మాట ఆ తర్వాత.

ప్రశ్న: మీటర్లు వాళ్లవే, రాసుకునేదీ వాళ్లే. తప్పు చూపిస్తే పట్టుకునేదెవరు? (ఒంగోలు పాఠకురాలు)

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. ప్రాజెక్టుతో సంబంధం లేని ఆడిటర్లు వచ్చి చూడకుండా క్రెడిట్లు విడుదల కావు. వాళ్లు ముందు అడిగేది కాలిబ్రేషన్ సర్టిఫికెట్లే, అంటే మీటరు సరిగ్గా చూపిస్తోందని పరీక్షించి ఇచ్చిన కాగితాలు. అమెరికాలో క్రెడిట్లు జారీ చేసే క్లైమేట్ యాక్షన్ రిజర్వ్ అనే సంస్థ నియమాల్లో మీటరు 5 శాతం కంటే ఎక్కువ తేడా చూపిస్తే, చివరిసారి సరిగ్గా ఉన్న పరీక్ష నుంచి ఇప్పటిదాకా ఉన్న రీడింగులన్నీ సవరించాలి, అదీ క్రెడిట్లు తగ్గే వైపుకే. మీటరు తక్కువ చూపించిందని తర్వాత తేలినా పెంచి ఇవ్వరు. నాకైతే ఇదే న్యాయం అనిపిస్తుంది, ఎందుకంటే ఆ క్రెడిట్ కొన్నవాళ్లు దాన్ని చూపించి తమ పొగ వదులుతారు, ఇక్కడ ఒక టన్ను అబద్ధమైతే అక్కడ ఒక టన్ను నిజంగానే గాల్లో కలుస్తుంది.

ప్రశ్న: మా దగ్గర పాత చెత్తని తవ్వి జల్లెడ పడుతున్నారు. గ్యాస్ ప్రాజెక్టు కూడా పెట్టుకోవచ్చా? (సింగరాయకొండ పాఠకుడు)

జవాబు: ఒకే గుట్ట మీద రెండూ కుదరవు. గ్యాస్ లాగాలంటే గుట్టని మట్టితో కప్పి ఏళ్ల తరబడి కదపకుండా ఉంచాలి, బయోమైనింగ్ అంటే దాన్ని తవ్వి ఖాళీ చేయడం. తవ్వకం మొదలైన చోట క్రెడిట్ల కోసం ఆపమని అడగొద్దు, గుట్ట పోతే నిప్పంటుకునే భయం, ఊట నీళ్లు బావుల్లోకి దిగే బాధ కూడా తగ్గుతాయి. కొత్తగా వచ్చే తడి చెత్తని విడిగా తీసుకుని బయోగ్యాస్ ప్లాంటుకి పంపిస్తున్నారో లేదో మునిసిపాలిటీని అడగండి.