మ్యాపు ఎవరూ చూడలేదా సార్?

ప్రశ్న: యుద్ధమా, రాజీయా లాంటి పెద్ద నిర్ణయాలు దేశాధినేత ఒక్కడే తీసుకుంటాడా? లేక చుట్టూ ఉన్న సలహాదారులు తీసుకుంటారా?

జవాబు: ముప్పై ఏళ్ళు రాజనీతిశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా క్లాసులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కథే ఎత్తుకునేవాణ్ణి. అధ్యక్షుడు ఒకడే, సలహాదారులూ చాలావరకు వాళ్ళే. నిర్ణయాలకు మాత్రం పోలికే లేదు.

1961 ఏప్రిల్‌లో కాస్ట్రో ప్రభుత్వాన్ని కూలదొయ్యడానికి అమెరికావాళ్ళు సుమారు 1,400 మంది క్యూబా ప్రవాసులను ఆ దేశంలోని బే ఆఫ్ పిగ్స్ తీరంలో దింపారు. మూడు రోజుల్లో అంతా అయిపోయింది. 1,100 మందికి పైగా పట్టుబడ్డారు. పని చెడితే ఎస్కాంబ్రే కొండల్లోకి జారుకుంటారులే అని అందరి ధీమా. కానీ దిగే చోటు మార్చాక ఆ కొండలు 80 మైళ్ళ దూరమయ్యాయి, మధ్యలో అంతా చిత్తడి, అడవి. ఇది చెప్పగానే ఓ కుర్రాడు లేచి, "మ్యాపు ఎవరూ చూడలేదా సార్?" అన్నాడు. అంతకన్నా మంచి ప్రశ్న నాకు మళ్ళీ ఎదురుకాలేదు.

కెన్నెడీ సలహాదారు ఆర్థర్ ష్లెసింజర్ ఈ పని వద్దని కాగితం మీద రాసిచ్చాడు, సమావేశాల్లో మాత్రం గట్టిగా అడ్డుచెప్పలేకపోయాడు. అధ్యక్షుడు నిశ్చయించుకున్నాడు, ఇక కదపకు అని కెన్నెడీ తమ్ముడు రాబర్ట్ అతనికి చెప్పాడు కూడా. ఇలాంటివాటిని ఇర్వింగ్ జానిస్ అనే మనస్తత్వవేత్త 'గ్రూప్‌థింక్' అన్నాడు. అంటే ఐక్యత చెడగొట్టడం ఇష్టంలేక గుంపులో ఎవరికి వాళ్ళు తమ అనుమానాలు మింగేయడం. నేనైతే మొహమాటం అంటాను.

1962 అక్టోబర్ 16న, క్యూబాలో సోవియట్ క్షిపణుల ఫొటోలు చూసిన రోజు, మాటలన్నీ బాంబుల చుట్టూనే తిరిగాయి. ఈసారి కెన్నెడీ కొన్ని సమావేశాలకు దూరంగా ఉన్నాడు. పెద్దాయన ఎదురుగా కూర్చుంటే కిందివాళ్ళకు గొంతు పెగలదు కదా. క్షిపణులన్నీ ధ్వంసమవుతాయని హామీ ఇస్తారా అంటే వైమానిక దళం ఇవ్వలేకపోయింది. చివరికి క్యూబాకు ఆయుధాలు తెచ్చే ఓడలను అడ్డుకునే నౌకా దిగ్బంధం దగ్గర ఆగారు.

అయితే బృందమే తేల్చిందనుకునేరు! 27న, క్యూబా క్షిపణులకు బదులుగా టర్కీలోని తమ క్షిపణులు తీసేద్దామా అంటే ఎక్కువమంది ఒప్పుకోలేదు. కెన్నెడీ కొద్దిమందినే తన గదిలోకి పిలిచి మాట్లాడి, తమ్ముణ్ణి సోవియట్ రాయబారి దోబ్రినిన్ దగ్గరికి పంపి, తీసేస్తామని రహస్యంగా మాటిచ్చాడు. మర్నాడు పొద్దున సమావేశానికి వచ్చి కూర్చున్నవాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియదు.