ఎంఎస్: లేవగానే గుండెదడ, ఈసీజీ మాత్రం నార్మల్
మీ అక్కగారికి ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, మెదడు, వెన్నుపాముల్లోని నరాలు దెబ్బతినే జబ్బు), లేస్తే దడ, కళ్ళు తిరగడం అన్నారు. తేడా గుండెలో కాక, దాన్ని నడిపే నరాల్లో ఉండొచ్చు. మెదడుకాండంలోనో వెన్నుపాములోనో మచ్చలుంటే, లేచినప్పుడు రక్తనాళాలు బిగుసుకోవాలన్న కబురు సరిగా అందదు.

బీపీ అందరూ కూర్చోబెట్టే చూస్తారు, చిక్కంతా అక్కడే.

1. పొద్దున్నే 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ, నాడి రాయండి.
2. నిలబెట్టి 1, 3, 5, 10 నిమిషాలకు మళ్ళీ చూడండి. చెయ్యి గుండె ఎత్తులో ఆనించాలి. వేలాడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది. పక్కనే మనిషి ఉండాలి, కళ్ళు తిరిగితే ఆపేయండి.
3. 3 నిమిషాల్లో పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ పడితే ఒక సమస్య. బీపీ పడకుండా నాడి నిమిషానికి 30 పెరిగి అలాగే ఉంటే వేరే సమస్య, పాట్స్ (లేచినప్పుడు గుండె వేగం అతిగా పెరిగే సమస్య) కావచ్చు.

ఆ కాగితం న్యూరాలజిస్టుకి చూపించండి. టిజానిడిన్ (కండరాల బిగుతు తగ్గించే మందు) వాడుతుంటే చెప్పండి, అదీ బీపీ దింపుతుంది. సొంతంగా మాత్రం ఆపొద్దు. కోనసీమ మే ఉక్కలో ఇవన్నీ ఇంకా ముదురుతాయి.

స్పృహ తప్పితే వెంటనే ఆసుపత్రికి.