ప్రోగ్రామ్ బట్టీ వస్తోంది, బుర్రకెక్కట్లేదు

ప్రశ్న: మేడమ్, నేను బీటెక్ సెకండియర్ సీఎస్‌ఈ. ఇంటర్ దాకా తెలుగు మీడియం. డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో ప్రోగ్రామ్‌లన్నీ బట్టీ పట్టి రాసేస్తున్నాను, వైవాలో (నోటి పరీక్షలో) మాత్రం దొరికిపోతున్నాను. ఏ ఆల్గారిథమ్‌కి 'బిగ్ ఓ' (అంకెలు పెరిగేకొద్దీ పని ఎంత పెరుగుతుందో చెప్పే లెక్క) ఎంతో గడగడా చెప్పగలను, అంతే ఎందుకైందని అడిగితే నోరు పెగలదు. అసలు పైథాన్‌లో సార్ట్ అని ఒక్క మాట కొడితే అంకెలన్నీ వరసలో సర్దుకుపోయే దానికి ఇదంతా ఎందుకు? పరీక్షలకి ఐదు వారాలే ఉంది, టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: పేకముక్కలు ఎప్పుడైనా సర్దావా? (ఇంట్లో చెప్పనులే.) కొత్త ముక్క తియ్యగానే, పెద్ద ముక్కల్ని పక్కకి జరిపి దాన్ని దాని చోట దోపుతాం చూడు, ఇన్సర్షన్ సార్ట్ అంటే అదే. ఇప్పుడు కంప్యూటర్ కట్టేసి ఒక తెల్లకాగితం మీద 5 4 3 2 1 అని రాయి. 4 ముందుకు రావాలంటే ఒకటి జరగాలి, 3కి రెండు, 2కి మూడు, 1కి నాలుగు. మొత్తం 10. అలాగే పది అంకెలు తలకిందులుగా రాసి లెక్కపెట్టు, 45 వస్తుంది. ఇరవైకి 190. అంకెలు రెట్టింపైతే పని నాలుగు రెట్లు దాటిపోయింది, ఇంకా పెంచుకుంటూ పోతే సరిగ్గా నాలుగు దగ్గరికొచ్చి ఆగుతుంది. నువ్వు బట్టీ పట్టిన 'ఎన్ స్క్వేర్' (ఎన్ అంటే అంకెలు ఎన్నో, దాని వర్గం) ఇదే, ఇంతకు మించి అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

అదే లక్ష అంకెలు తలకిందులుగా ఉంటే దాదాపు 500 కోట్ల జరుపుళ్లు. మెర్జ్ సార్ట్ అలా కాదు, సగానికి సగం విడగొడుతుంది; లక్షని 17 సార్లు సగం చేస్తే ఒక్కో అంకె మిగులుతుంది, మళ్లీ కలిపేటప్పుడు ఒక్కో వరసకీ లక్ష పని, అంటే 17 లక్షల దగ్గర తేలిపోతుంది. 500 కోట్లెక్కడ, 17 లక్షలెక్కడ!

పైథాన్ సంగతి అడిగావు కదా, ఆ ఒక్క మాట వెనకాల ఉన్నది 2002లో టిమ్ పీటర్స్ రాసిన టిమ్‌సార్ట్. చిన్న చిన్న ముక్కల్ని ఇన్సర్షన్ సార్ట్‌తోనే సర్ది, వాటిని మెర్జ్ పద్ధతిలో కలుపుతుంది. నువ్వు తిట్టుకుంటున్న రెండూ అందులోనే ఉన్నాయి. సార్ట్ అంటే రెడీగా దొరికింది, అన్నీ దొరకవు. ఫిబొనాచీ 40వ సంఖ్యని క్లాసులో చెప్పిన మామూలు రికర్షన్‌తో రాసి రన్ చెయ్యి, ఆ ఫంక్షన్ తనని తాను 33 కోట్ల సార్లకు పైగా పిలుచుకుంటుంది. లూప్ పెడితే 39 కూడికలు.

ఇక వైవా. అక్కడ అందరూ దొరికేది లింక్డ్ లిస్ట్ (ఒక్కో డబ్బా తన తర్వాతి డబ్బా అడ్రస్ దాచుకునే గొలుసు) దగ్గరే, నేనూ దొరికాను. 10, 20, 30 అని మూడు డబ్బాలు గీసి మధ్యలో బాణాలు పెట్టు. లిస్ట్ తిరగెయ్యాలని తొందరపడి 10 బాణాన్ని ముందే వెనక్కి తిప్పేశావనుకో, 20 అడ్రస్ ఇంకెవరి దగ్గరా ఉండదు, మిగతా లిస్ట్ మొత్తం గాల్లో కలిసిపోతుంది. అందుకే ముందు 20 అడ్రస్‌ని వేరే పాయింటర్‌లో దాచుకుని ఆ తర్వాత బాణం తిప్పాలి. ఆ పాయింటర్ ఎందుకని ఎగ్జామినర్ అడిగితే బొమ్మ గీసి చూపించు, ఇంగ్లిష్ తడబడినా బొమ్మ తడబడదు.

ఈ ఐదు వారాలూ రోజుకి ఒక్క ప్రోగ్రామ్ చాలు, కానీ ప్రతి లైనుకీ ఏ వేరియబుల్ విలువ ఎంతో చేత్తో రాసుకో. మొదటి వారం విసుగొస్తుంది, రానీ. ఏవీఎల్ ట్రీని (ఒక పక్కకే ఒరిగిపోకుండా తనని తాను సరిచేసుకునే ట్రీ) చాయిస్‌లో వదిలేద్దామని చూస్తావేమో, వద్దు. 10, 20, 30 వరసగా వేస్తే మామూలు బైనరీ సెర్చ్ ట్రీ (చిన్నవి ఎడమకి, పెద్దవి కుడికి వెళ్లేది) కుడివైపుకే సాగిపోయి లింక్డ్ లిస్ట్‌లా తయారవుతుంది, ఏవీఎల్ ఏమో 20ని పైకి లాగి మిగతా రెండిటినీ చెరోపక్కా కూర్చోబెడుతుంది. అవే మూడు డబ్బాలు, కొత్త కాగితం కూడా అక్కర్లేదు.