మసాలా టీ కేక్‌లో టీ రుచి తెలియాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: టీ కలిపి లోఫ్ కేక్ చేస్తే తినేటప్పుడు టీ జాడే లేదు, ఒట్టి దాల్చినచెక్క వాసన. పోనీ అని రెండోసారి టీని బాగా మరిగించి పోస్తే చేదెక్కింది. మా ఇంట్లో కేక్ అంటే ఎక్కువగా ఇదే, కాబట్టి నేను చేసే పద్ధతి చెప్తాను.

మరిగించేకొద్దీ పెరిగేది రుచి కాదండీ, వగరు. పొడి ఎక్కువ వేయాలి, పొయ్యి మీద తక్కువసేపు ఉంచాలి. మనం తాగే కప్పు టీకి చెంచా పొడి చాలు. కేక్‌లో మాత్రం ఆ కాస్త టీ మైదాకీ పంచదారకీ గుడ్లకీ నూనెకీ అన్నిటికీ సరిపోవాలి. అందుకే నేను 200 మి.లీ. చిక్కటి పాలకి మూడు టేబుల్ స్పూన్ల టీ పొడి వేస్తాను. అది కూడా ఆవగింజల్లా గుండ్రంగా ఉండే మామూలు అస్సాం పొడే. ఖరీదైన డార్జిలింగ్ ఆకు ఇందులో దండగ, దాని సున్నితమైన పరిమళం ఓవెన్ వేడికి నిలవదు.

పాలు పొంగు రాగానే స్టవ్ ఆపేసి, పొడి వేసి, మూతపెట్టి ఐదారు నిమిషాలు వదిలేయండి. వడకట్టేటప్పుడు పొడిని గరిటెతో ఒత్తాలి. అది పాలు బాగా పీల్చుకుంటుంది, చివరికి మిగిలేది సుమారు 150 మి.లీ. రంగు ముదురు ఇటుక రంగులో ఉండాలి. పంచదార లేకుండా ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే మొహం చిట్లించేంత స్ట్రాంగ్‌గా అనిపించాలి. ‘బాగానే ఉంది, తాగేయొచ్చు’ అనిపించిందంటే కేక్‌కి చాలదని అర్థం.

ఇరానీ చాయ్‌కి పెట్టినట్టు సన్నటి సెగ మీద చాలాసేపు ఉంచిన డికాక్షన్ వాడొచ్చా అని కొందరు అడుగుతుంటారు. అక్కడ చిక్కగా కాచిన పాలు, బోలెడు పంచదార కలిసి ఆ వగరును కప్పేస్తాయి. కేక్ పిండిలో అన్ని పాలు పోయలేం కదా. పచ్చి అల్లం కూడా ఈ పాలల్లో వద్దు. అందులో ఉండే ఎంజైము పాలను విరగ్గొడుతుంది. శొంఠి పొడిని మైదాలో కలిపితే ఆ టెన్షనే ఉండదు.

ఇక మసాలా. టీ తెలియకపోవడానికి సగం కారణం ఇదేనని నా అనుమానం. యాలకుల పొడి ఒక టీ స్పూన్, అదీ అప్పటికప్పుడు దంచింది. శొంఠి ముప్పావు, దాల్చినచెక్క పొడి అర, మిరియాల పొడి పావు టీ స్పూన్. లవంగాలు రెండంటే రెండే, మూడోది వేస్తే కేక్ పళ్లపొడి వాసన కొడుతుంది. వెనిలా ఎసెన్స్ అలవాటుగా వేసేస్తుంటారు, ఇందులో అస్సలు వద్దు.

మిగతాదంతా మామూలే. 190 గ్రాముల మైదా, ఒకటిన్నర టీ స్పూన్ల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, మసాలాలు కలిపి జల్లించుకోవాలి. రెండు గుడ్లు, 150 గ్రాముల పంచదార, 100 మి.లీ. సన్‌ఫ్లవర్ నూనె బాగా గిలక్కొట్టి, చల్లారిన టీ పాలు 120 మి.లీ. పోయాలి. వెన్నతోనూ చేయొచ్చు కానీ ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది, నాకు నూనెతో చేసిందే ఇష్టం. మెత్తగా పొడి చేసిన టీ ఒక టీ స్పూన్ పిండిలో కలిపితే రుచి ఇంకాస్త పైకి తేలుతుంది. మిక్సీలో వేసి గుడ్డతో జల్లించిన పొడే వాడండి, లేకపోతే పంటి కింద ఇసుకలా తగులుతుంది. మైదా పోశాక మాత్రం ఎక్కువగా కలపకండి, తడి పొడి కలిస్తే చాలు.

లోఫ్ టిన్‌లో మూడింట రెండు వంతులు మించకుండా పోసి, ముందే వేడెక్కిన ఓటీజీలో (ఇళ్లల్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) 170 డిగ్రీల దగ్గర 45 నుంచి 55 నిమిషాలు. చిన్న ఓటీజీల్లో పై రాడ్ దగ్గరగా ఉండడం వల్ల లోపల ఉడక్కముందే పైభాగం మాడిపోతుంది. కింది అరలో పెట్టి, రంగు రాగానే పైన అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పేయండి. మధ్యలో పుల్ల గుచ్చి చూస్తే తడి పిండి అంటకూడదు, ఒకటి రెండు పొడి రవ్వలు అంటినా ఫర్వాలేదు.

మిగిలిన టీ పాలు పారబోయొద్దు. కేక్ పూర్తిగా చల్లారాక, 100 గ్రాముల పంచదార పొడిలో ఆ పాలు ఒక్కో చెంచా కలుపుతూ జారుగా చేసి పైన పోయండి. ఓవెన్ వేడి తగలని టీ కాబట్టి నాలుకకి ముందు తెలిసేది ఇదే. కోసేది మర్నాడైతే మరీ మంచిది, మసాలా అంతా సర్దుకుంటుంది. మా ఇంట్లో అంతవరకు ఆగేవాళ్లు లేరనుకోండి.

గుడ్లు తినకపోతే వాటి బదులు 120 గ్రాముల పుల్లటి పెరుగు, అర టీ స్పూన్ వంటసోడా వేసి, బేకింగ్ పౌడర్ ఒక టీ స్పూన్‌కి, టీ పాలు 90 మి.లీ.కి తగ్గించండి. సోడా తగిలితే టీ రంగు నల్లబడుతుంది, కేక్ కాస్త ముదురుగా వస్తుంది. మాడిందని కంగారుపడి ముందే బయటికి తీసేయకండి.